పదకొండువేల అడుగుల్లో పట్టని తాళం

తలుపు వెనకనుంచి కృష్ణమ్మాళ్ "కాదు" అన్నది.

ముందింట్లో కూర్చున్న ఆమె అన్న వేంకటాద్రి గొంతు సవరించుకుని, మద్రాసునుంచి వచ్చిన డైరెక్టరుతో "సరే అంటా ఉంది" అన్నాడు.

పొద్దుటినుంచి ఇది మూడోసారి.

డైరెక్టరు కుమారసామి చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ "కాదు" అతనికీ వినబడింది. కానీ రాజపాళయంలో ఈ తెలుగువాళ్ళ వీధి ఇళ్ళ పద్ధతి అతనికి తెలుసు. ఇంటి ఆడది పరాయి మగవాడి ఎదుటికి రాదు. తలుపు వెనక నిలబడి మాట్లాడుతుంది. ఆ మాటను ఇంటి మగవాడు అందుకుని మళ్ళీ చెబుతాడు. మగవాడు చెప్పిందే చెల్లుతుంది. అంతకు ముందు విన్నదాన్ని విననట్టు కూర్చోవడం మర్యాద.

ఈ మర్యాద పెట్టినవాళ్ళెవరూ తలుపు వెనక నిలబడి చూసినవాళ్ళు కారు.

కుమారసామిది కోయంబత్తూరు వైపు. ఇంట్లో తెలుగే. అయిదు సినిమాలు తీశాడు, రెండు ఆడాయి. ఆరోదానికి కృష్ణమ్మాళ్ రాసిన నవల కావాలని రెండు రైళ్ళు మారి వచ్చాడు. ఒళ్ళో సినిమాకోసం తిరగరాసిన కథ కట్ట ఉంది. చేతిలో స్టాప్‌వాచీ ఉంది. మాట్లాడుతున్నప్పుడు కూడా దాన్ని నొక్కుతూ ఉంటాడు.

ఆ నవల పేరు "పగటి తాళం". అరవంలో వారం వారం అచ్చయి తరవాత పుస్తకమైంది. కథ పెద్దదేం కాదు. పత్తినుంచి గింజ తీసే ఒక జిన్నింగు షెడ్డు. అందులో పనిచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం బయటికి పోయి బిడ్డలకు పాలిచ్చి వస్తుంటారు. పని ఆగుతోందని యజమాని, అంటే మొదలాళి, పట్టపగలు షెడ్డుకు బయటినుంచి తాళం వేయిస్తాడు. గింజపత్తిలో ఒక రాయి వస్తుంది. యంత్రం ఇనప పళ్ళకు తగిలి నిప్పు రవ్వ లేస్తుంది. దూది అంటుకుంటుంది. ముగ్గురు చచ్చిపోతారు. వల్లి అనే ఆమె కిటికీ కమ్మి వంచి మిగతావాళ్ళను బయటపడేసి, కుడిచేతి మూడు వేళ్ళు పోగొట్టుకుంటుంది. చివర ఊరి ముందర మొదలాళిని "తాళం ఎందుకు వేసినారు?" అని అడుగుతుంది. పుస్తకం అక్కడ అయిపోతుంది.

ఊరి పేరు రాయలేదు. రాయనక్కరలేదు. తొమ్మిదేళ్ళ కిందట కాలిన షెడ్డు వేంకటాద్రిది. వల్లి అసలు పేరు పాపాత్తి. ఆమె ఈ ఇంటి పెరట్లోనే అంట్లు తోముతుంది.

సినిమాకు పెట్టుబడి వేంకటాద్రిదే. కథ తన చేతిలో ఉంటుందని.

"సర్కారు ఉత్తరవు మొదలాళీ" అన్నాడు కుమారసామి. "యుద్ధం గదా. ఫిల్ము సీమనుంచి ఓడలో రావాల. ఏ సినిమా పడమైనా పదకొండువేల అడుగులు దాటగూడదు. రెండు గంటల ఆట. ఏడు పాటలకు రెండువేలు పోయింది. మిగిలిన తొమ్మిదివేలలో అమ్మగారి పుస్తకం పట్టాల."

"తాళానికి ఎన్ని అడుగులు ఇచ్చినారు?" తలుపు వెనకనుంచి.

వేంకటాద్రి తడుముకోలేదు. "ఇంకో కాఫీ తాగుతారా అని అడుగుతా ఉంది."

"తాగుతాను" అన్నాడు కుమారసామి. "తాళానికి ఒక్క అడుగు గూడా లేదని చెప్పండి."

కుమారసామి ఒళ్ళోని కథ కట్ట తెరిచాడు. వాచీ ముల్లు తిరుగుతూ ఉంది.

"దీపం పడి షెడ్డు అంటుకుంటుంది. విధి మీద ఒక పాట. మున్నూరు అడుగులతో సరి. తరవాత వల్లి ఒంటి చేత్తో సిపాయిల గాయాలకు కట్టే గుడ్డ నేస్తుంది. ఆ గుడ్డ మీ ఊళ్ళోనే గదా నేసేది. యుద్ధానికి పనికొచ్చే కత అంటే ఫిల్ముకు లైసెన్సు సుళువు. చివర నేస్తా నేస్తా మగ్గం మీదనే చచ్చిపోతుంది. మొదలాళి ఏడుస్తాడు."

"ఎవురు ఏడ్చేది?"

ఈసారి వేంకటాద్రి మాట మార్చలేదు. వినబడనట్టు పైపంచె సర్దుకున్నాడు.

"నాకు తాళం వద్దని లేదు" అన్నాడు కుమారసామి, తలుపు వైపు చూడకుండా. "మొదలాళి గారు వద్దన్నారు. నేను వంటవాణ్ణి, చెప్పింది వండుతాను. కాని రాసినవారి సంతకం లేకుండా కంపెనీ ముందుకు పోదు. నాలుగు గంటలకు మళ్ళీ వస్తాను. అయిదున్నర రైలు. సంతకం ఉంటే తీసుకుపోతాను. లేకుంటే ఇంకో కత చూసుకుంటాను."

చెప్పులు తొడుక్కుని దిగాడు. వాకిట్లో తెల్ల కుక్క లేచి, అతన్ని పోనిచ్చి, మళ్ళీ పడుకుంది.

*

"నా నోట్లో మాట నువ్వు ఎందుకు మారుస్తావు అన్నా?"

వంటింట్లో కృష్ణమ్మాళ్ నిలబడే అడిగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవై రెండో ఏట మొగుడు పోయి ఈ ఇంటికి తిరిగి వచ్చింది. అప్పటినుంచి చదివిందీ రాసిందీ అంతా ఈ వంటింటి కిటికీ దగ్గరే.

"నీ మంచికే" అన్నాడు వేంకటాద్రి. "పుస్తకం రాసినావు. అడ్డం వచ్చినానా?"

"రాలేదు."

"వెయ్యిమంది చదివినారు, మూసిపెట్టినారు. పడం అట్ల కాదు. చోళపురం సేద్యగాడు బండి కట్టుకొని వచ్చి చూస్తాడు. తళవాయిపురంలో ఉండేవాళ్ళంతా బస్సెక్కి వస్తారు. ఆట అయి సినిమా కొట్టాయి బయటికి రాంగానే ఈ ఇంటి వైపు వేలు చూపిస్తారు."

"చూపించనీ."

"నీకేం? నువ్వు తలుపు వెనక ఉంటావు. వీధిలో నడిచేది నేను."

అది ఉన్నమాటే.

వేంకటాద్రి భార్య జానకియమ్మాళ్ పొయ్యి దగ్గర కూర్చుని వంకాయలు తరుగుతోంది. "పడంలో చూపించేటట్టయితే మన ఇల్లే చూపిస్తారా, లేకుంటే వేరే ఇల్లు కడతారా?" అని అడిగింది.

"నువ్వు ఊరుకో జానకీ."

"సున్నం కొట్టించాల గదా, అందుకు అడిగినాను."

వేంకటాద్రి చెల్లెలి వైపు తిరిగాడు.

"దీపం పడింది అంటే ఎవరి సొమ్ము పోయింది కృష్ణా? విధి అంటే ఏమి తప్పు?"

"విధి తాళం వెయ్యదు అన్నా."

"అట్లనా." వేంకటాద్రి గొంతు తగ్గించాడు. ఈ ఇంట్లో గొంతు తగ్గిందంటే చెడ్డమాట రాబోతోందని అర్థం. "అట్లయితే అంతా చూపిద్దాం. ఆ దినం తాళం ఎవరి చేతిమీదుగా పోయింది, అది గూడా డైరెక్టరుకు చెప్పనా?"

జానకియమ్మాళ్ కత్తిపీట ఆగింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. జిన్ను తాళాలు పగలు షెడ్డు దగ్గర ఉండవు. పొద్దున షెడ్డు తెరిచాక తాళమూ తాళంచెవీ ఇంటికి వచ్చి దేవుడి గూట్లో కూర్చుంటాయి. పొద్దుగూకే గంట కొట్టాక మేస్త్రి వస్తాడు. ఇంటి ఇల్లాలు పసుపు కుంకుమ ఉన్న చేత్తో తీసి ఇస్తుంది. వ్యాపారం చల్లగా ఉంటుందని. ఆ రోజు మాత్రం మేస్త్రి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. జానకియమ్మాళ్ నెలసరికి దూరంగా కూర్చుని ఉంది. గూట్లోనుంచి తాళం తీసి ఇచ్చింది కృష్ణమ్మాళ్.

"ముండమోసిన చెయ్యి తగిలింది, షెడ్డు కాలింది" అన్నాడు వేంకటాద్రి. "ఈ మాట తొమ్మిదేళ్ళు నోట్లోనే పెట్టుకున్నాను. ఊళ్ళో ఒకరికి చెప్పినానా? నీ మానం కాపాడినాను. నువ్వు నాది పడం వేసి చూపిస్తానంటా ఉన్నావు."

నమ్మి అంటున్నాడా, బెదిరించడానికి అంటున్నాడా అనేది చెప్పడం కష్టం. నమ్మడం అతనికి లాభం. లాభమైనదాన్ని మనిషి తొందరగానే నమ్ముతాడు.

"చెయ్యి కాదు అన్నా" అన్నది కృష్ణమ్మాళ్. "మేస్త్రి వచ్చి ఏమి చెప్పినాడో తెలుసా నీకు? ఆడోళ్ళు మాటిమాటికి బయటికి పోతా ఉన్నారు, లోపల పెట్టి వెయ్యమన్నారు మొదలాళి, తాళం ఇయ్యండి అన్నాడు. నేను విన్నాను. లోపల మనుషులు ఉన్నారని తెలిసే ఇచ్చినాను."

"నేను అడిగి పంపితే నువ్వు ఇయ్యక ఏమి చేస్తావు?"

"అదే నేను గూడా తొమ్మిదేళ్ళుగా చెప్పుకుంటా ఉన్నాను."

"పుస్తకంలో ఎందుకు రాయలేదు మరి?"

కృష్ణమ్మాళ్ సరుకుల గది వైపు చూసింది.

వంటింటి పక్కనే సరుకుల గది. దాని తలుపుకు ఒక ఇత్తడి తాళం వేలాడుతూ ఉంటుంది. ఒక పక్క నల్లగా మాడి ఉంటుంది, ఎంత తోమినా పోదు. అదే తాళం. మంటలు ఆరాక ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చారు. మంచి తాళం పారేస్తామా అని జానకియమ్మాళ్ సరుకుల గదికి వేసింది. బియ్యం, చింతపండు, బెల్లం తొమ్మిదేళ్ళుగా దాని వెనక భద్రంగా ఉన్నాయి.

"నాలుగింటికి సంతకం పెడతావు" అని వేంకటాద్రి లేచాడు. "పెడితే నా నోట్లో మాట నోట్లోనే ఉంటుంది."

*

పెరట్లో పాపాత్తి చెంబులు తోముతోంది. కుడిచేతికి మిగిలిన బొటనవేలూ చూపుడువేలూ పటకారులా పెట్టి చెంబు పట్టుకుని, ఎడమచేత్తో చింతపండు రుద్దుతుంది. షెడ్డు కాలిన తరవాత వేంకటాద్రి ఆమెకు ఇంట్లో పని ఇచ్చాడు. ఊరు దాన్ని దయ అన్నది. మూడు వేళ్ళు తీసుకుని అంట్లు ఇస్తే అది దయ.

"డైరెక్టరు పోయినాడా చిన్నమ్మా?"

"మళ్ళీ వస్తాడు."

"పడంలో నా వేషం ఎవురు కడతారంట?"

"తెలియదు. ఎవరో మద్రాసు పిల్ల."

"వేళ్ళు ఉంటాయి గదా దానికి. ఏమి చేస్తారు?" పాపాత్తి నవ్వింది. "మడిచి గుడ్డ చుట్టుకుంటుందేమో. పావం, ఉక్కపోస్తుంది."

కృష్ణమ్మాళ్ గట్టుమీద కూర్చుంది. ఈమెకు నవల మొత్తం మూడుసార్లు చదివి వినిపించింది. చదువుతున్నప్పుడు పాపాత్తి ఎప్పుడూ అడ్డం రాలేదు. అయిపోయాక "సరిగా ఉంది" అనేది, అంతే.

"నీకు వినిపించినాను గదా పాపాత్తీ. ఇంకా పడం ఎందుకు నీకు?"

"వినడం వేరే చిన్నమ్మా. ఆ దినం గూడా విన్నానే గాని చూడలేదు. లోపల ఉన్నాను గదా. బయట గొళ్ళెం పడింది, తాళం నొక్కిన చప్పుడయింది. చప్పుడు మాత్రమే నాకు తెలుసు. పడంలో అయితే బయట గూడా చూపిస్తారు. ఎవురు తెచ్చినారో, ఎవురు ఇచ్చినారో మొగం చూడొచ్చు."

"మేస్త్రి వేసినాడని రాసినాను గదా."

"వేసింది మేస్త్రి. ఆమా, నిజమే. ఇచ్చింది ఎవురు?" పాపాత్తి చెంబు బోర్లించింది. "ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. పగలు తాళాలు ఎక్కడ ఉంటాయో నేను చూడలేదా? పెద్దమ్మ ఇచ్చింటుంది. అన్నం పెట్టే ఇల్లు, నేను అడగలేదు. ఆమె మొగం చూసినప్పుడల్లా అనుకుంటాను. పండక్కి చీర ఇచ్చినప్పుడు గూడా అదే అనుకున్నాను."

కృష్ణమ్మాళ్ నోరు తెరిచింది. ఏ మాటా రాలేదు. మూడువందల పేజీలు రాసిన మనిషి.

లోపలినుంచి జానకియమ్మాళ్ కేక వేసింది. "పాపాత్తీ, ఎండలో కూర్చోకు, మజ్జిగ తాగిపో!"

"వస్తాను పెద్దమ్మా" అని పాపాత్తి లేచింది. లేస్తూ "తాళం చూపిస్తారు గదా చిన్నమ్మా?" అని అడిగింది.

*

నాలుగు గంటలకు కుమారసామి వచ్చాడు. కాగితం, సిరాబుడ్డి, కలం బల్లమీద పెట్టి ఉన్నాయి. వేంకటాద్రి తల దువ్వుకుని కూర్చున్నాడు.

"ప్రయాణికుల బంగళాలో పండుకొని ఆలోచించినాను మొదలాళీ" అన్నాడు కుమారసామి. "గుడ్డ నేసేది బాగానే ఉంటుంది, లైసెన్సు వస్తుంది. కాని దీపం నిలబడదు. జనం ఏడవరు. దీపం ఎవరింట్లో అయినా పడుతుంది. రెండు పాటలు తీసేస్తే తాళానికి అయిదువందల అడుగులు ఇయ్యగలను. మీరు ఒప్పుకుంటే."

"ఒప్పుకోను."

"సరి. మీ సొమ్ము." వాచీ నొక్కాడు. "ఒప్పుకున్నా ఒక చిక్కు ఉంది. అది అమ్మగారే తీర్చాల. పుస్తకంలో తాళం తలుపుకు పడి ఉంటుంది. చదివేవాడికి చాలు. వాడు అడగడు. నేను అట్ల తియ్యలేను. తాళం గాల్లోనుంచి రాదు గదా? పగలు జిన్ను దగ్గర తాళం ఉండదు, మీ మేస్త్రిని అడిగినాను. ఇంటినుంచి రావాల. ఇంట్లో ఒకరు తీసి ఇయ్యాల. నాకు ఆ చెయ్యి కావాల."

"చెయ్యేమి, గియ్యేమి" అన్నాడు వేంకటాద్రి. "సంతకం అయిపోతుంది. రైలుకు పొద్దయింది మీకు."

"ముసలి చెయ్యా, పడుచు చెయ్యా? గాజులు ఉన్నాయా, లేవా? అది తెలిస్తే కత మొత్తం వేరే అయిపోతుంది మొదలాళీ. ఆ చెయ్యి తెలిసి ఇచ్చిందా, తెలియక ఇచ్చిందా?"

వేంకటాద్రి తలుపు వైపు చూశాడు.

పాపాత్తి కాఫీ తెచ్చింది. ఆమెకు ఘోషా లేదు. కూలి చేసే ఆడదాని మొగం ఎవడు చూసినా ఎవరి మర్యాదా పోదు. రెండు వేళ్ళతో పట్టుకున్న లోటా బల్లమీద పెట్టింది. కుమారసామి ఆ చెయ్యి చూశాడు. వాచీ నొక్కడం మరిచిపోయాడు.

"ఈమె..." అన్నాడు.

"పనిమనిషి" అన్నాడు వేంకటాద్రి.

"తాళం ఉందా సామీ పడంలో?" పాపాత్తి నేరుగా అతన్నే అడిగింది.

"ఇచ్చిన చెయ్యి తెలిస్తే ఉంటుంది తల్లీ."

"పో లోపలికి" అన్నాడు వేంకటాద్రి. పాపాత్తి కదలలేదు. ఈ ఇంట్లో ఆమె మాట వినకపోవడం అదే మొదలు.

అప్పుడు లోపల ఎక్కడో ఇత్తడి ఇత్తడికి తగిలిన చప్పుడయింది. సరుకుల గది దగ్గర. "ఎందుకది తీస్తావు కృష్ణా?" అని జానకియమ్మాళ్ గొంతు వినిపించింది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

తలుపు జానెడు తెరుచుకుంది.

ఒక చెయ్యి బయటికి వచ్చింది. గాజులు లేవు. మణికట్టు వరకే కనబడింది. అరచేతిలో ఒక పక్క మాడిన ఇత్తడి తాళం ఉంది.

కుమారసామి మర్యాద తెలిసినవాడు. చూపు వేంకటాద్రి వైపు తిప్పుకుని, "అమ్మగారు ఏమి చెప్తా ఉన్నారు?" అని అడిగాడు.

వేంకటాద్రి నోరు తెరిచాడు. పొద్దుటినుంచి ప్రతి మాటనూ మార్చి చెప్పాడు. ఇది మాట కాదు. దీన్ని మార్చి చెప్పడం అతనికి చేతకాలేదు.

పాపాత్తి తాళాన్ని చూసింది. రోజూ చూసే తాళమే. బెల్లం తీసేటప్పుడు, చింతపండు తీసేటప్పుడు. మాడిన పక్కను ఇప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. తరవాత చెయ్యిని చూసింది. నెమ్మదిగా తలుపు దగ్గరికి నడిచి, రెండు వేళ్ళతో తాళం పైకొంకిని పట్టుకుని లోపలికి నొక్కింది. క్లిక్కుమంది.

"ఇదే చప్పుడు" అన్నది.



"పెద్దమ్మ అనుకున్నాను" అన్నది పాపాత్తి. "తొమ్మిదేళ్ళు ఆమెను అనుకున్నాను." తరవాత అడిగింది. ఈసారి చిన్నమ్మా అనలేదు. "తెలిసి ఇచ్చినావా? తెలియక ఇచ్చినావా?"

"తెలియక" అన్నాడు వేంకటాద్రి వెంటనే. "తెలియక ఇచ్చింది. చెప్తా ఉంది గదా. తెలియక."

"అన్నా, ఊరుకో."

తలుపు వెనకనుంచి వచ్చిన ఆ మాట అందరికీ వినబడింది. విననట్టు ఎవరూ కూర్చోలేదు.

చెయ్యి లోపలికి పోయింది. తలుపు రెండో రెక్క గడియ తీసిన చప్పుడయింది.